నేవీ లెఫ్టినెంట్ చిన్న ఆఫీసరా? భుజం మీది చారలు చదవడం ఇలా

మదీనాగూడలో మా అపార్ట్‌మెంట్‌లో ఒక ఖాలా ఉన్నారు. పెద్దమ్మాయికి హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చిన్నబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఆ మధ్య అమ్మాయికి ఒక రిష్తా వచ్చింది. బయోడేటాలో అబ్బాయి ఉద్యోగం దగ్గర ‘లెఫ్టినెంట్, ఇండియన్ నేవీ’ అని ఉంది. అదే వారం ఇంకో బయోడేటా వచ్చింది. అందులో ‘కెప్టెన్, ఇండియన్ ఆర్మీ’. ఇంటి పెద్దలు చాయ్ తాగుతూ ఐదు నిమిషాల్లో తేల్చేశారు. కెప్టెన్ అంటే పెద్ద, లెఫ్టినెంట్ అంటే దానికి కింది మెట్టు, నేవీ అబ్బాయి ఇంకా ఎదగాలి అని. తర్వాత ఎప్పుడో లిఫ్ట్ దగ్గర కలిసినప్పుడు ఖాలా నన్ను అడిగారు, “బేటా, లెఫ్టినెంట్ నుంచి కెప్టెన్ అవ్వడానికి ఎన్నేళ్లు పడుతుంది?” అని.

ఖాలా, ఆ ఇద్దరు అబ్బాయిలూ సమానమే అన్నాను. నేవీ లెఫ్టినెంట్, ఆర్మీ కెప్టెన్, ఎయిర్‌ఫోర్స్ ఫ్లైట్ లెఫ్టినెంట్ ముగ్గురూ ఒకే మెట్టు మీద ఉంటారు. మూల వేతనం కూడా ఒకటే. 7వ వేతన సంఘం లెక్క ప్రకారం 61,300 రూపాయల దగ్గర మొదలవుతుంది, దాని మీద మిలిటరీ సర్వీస్ పే 15,500, డీఏ, మిగతా అలవెన్సులు. నేను ఈ మాట చెప్పేసరికే అవతలివాళ్లకు ‘వద్దు’ అని కబురు వెళ్లిపోయింది. రిష్తాల సంగతి కిస్మత్ అనుకుందాం. అయితే ఇదే అయోమయం మన పిల్లల చదువుల దగ్గర, ఉద్యోగాల దగ్గర కూడా నడుస్తోంది. ఆఫీసర్ నిచ్చెన ఎక్కడ మొదలవుతుందో తెలియక ఆ దారి వైపే చూడని ఇళ్లు మన చుట్టూ చాలా ఉన్నాయి. అందుకే ఈ వ్యాసం.

ముందు మాట సంగతి. లెఫ్టినెంట్ అనేది ఫ్రెంచి నుంచి వచ్చింది. ‘ల్యూ’ అంటే చోటు, ‘తెనాన్’ అంటే పట్టుకుని ఉన్నవాడు. ఉర్దూ పేపర్ చదివే ఇంట్లో దీన్ని ఒక్క మాటలో చెప్పొచ్చు: ఖాయిం మఖామ్. పైవాడు లేనప్పుడు ఆయన స్థానంలో నిలబడేవాడు. ఢిల్లీ లెఫ్టినెంట్ గవర్నర్ పేరులో ఉన్నదీ ఇదే అర్థం, ఆయన రాష్ట్రపతి తరఫున ఆ కుర్చీలో కూర్చుంటారు. తుర్కీ ఉస్మానీ సైన్యంలో అయితే ‘ఖాయిం మఖామ్’ అనే పేరుతోనే ఒక హోదా ఉండేది, మన లెఫ్టినెంట్ కల్నల్‌కు సమానంగా. అరబ్ దేశాల్లో లెఫ్టినెంట్‌ను ‘ములాజిమ్’ అంటారు. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లు ‘ములాజిమ్ అవ్వల్’ అనే మాట ఏ పోలీస్ ఆఫీసులోనో వినే ఉంటారు. మన దగ్గర ములాజిమ్ అంటే మామూలు నౌకరీ చేసేవాడు. అక్కడ అదే మాట యూనిఫాం మీద చుక్కలు ఉన్న ఆఫీసర్.

అన్నిటికంటే పై హోదా అడ్మిరల్ మాట కూడా మనకు దగ్గరిదే. అది అరబీ ‘అమీర్ అల్ బహ్ర్’ నుంచి పుట్టింది, సముద్రానికి అమీర్ అని. యూరప్‌వాళ్ల నోట్లో పడి ‘బహ్ర్’ ఊడిపోయింది, ‘అమీర్ అల్’ మాత్రం మిగిలింది. ఉర్దూలో ఇప్పటికీ నౌకాదళాధిపతిని అమీరుల్ బహ్ర్ అనే అంటాం.

మరి పేరు ఒకటే అయినప్పుడు నేవీ లెఫ్టినెంట్ ఆర్మీ లెఫ్టినెంట్ కంటే ఒక మెట్టు పైన ఎందుకు ఉంటాడు? తెరచాపల ఓడల కాలానికి వెళ్లాలి. నేల మీద సైన్యంలో కెప్టెన్ అంటే ఒక కంపెనీకి, సుమారు వందమందికి నాయకుడు. ఆయన కింద లెఫ్టినెంట్. సముద్రం మీద కెప్టెన్ అంటే మొత్తం ఓడకు నాయకుడు, వందల మంది మనుషులు, డజన్ల కొద్దీ ఫిరంగులు ఆయన చేతిలో. ఆ కెప్టెన్ నిద్రపోతే ఓడ నడపాల్సింది, ఆయన చనిపోతే యుద్ధం చేయాల్సింది లెఫ్టినెంటే. అందుకే నేవీలో రెండు పేర్లూ ఆర్మీ కంటే బరువైనవి అయ్యాయి. లెఫ్టినెంట్ ఒక మెట్టు పైకి, కెప్టెన్ అయితే ఏకంగా మూడు మెట్లు పైకి.

ఇంగ్లండ్‌లో మొదట్లో పెద్దింటి పిల్లలు సిఫారసు మీద లెఫ్టినెంట్లు అయిపోయేవారు. 1677లో శామ్యూల్ పీప్స్ అనే అధికారి దీనికి అడ్డుకట్ట వేశాడు. కొన్నేళ్లు సముద్రం మీద పనిచేసి, పరీక్షలో నెగ్గితేనే లెఫ్టినెంట్ అని నియమం పెట్టించాడు. పరీక్ష పెట్టి ఆఫీసర్‌ను ఎంచుకోవడం అనే పద్ధతికి ఇది తొలి అడుగుల్లో ఒకటి. ఇప్పుడు మన పిల్లలు రాసే పరీక్షలకు అది ముత్తాత అన్నమాట.

ఇక చారలు. నేవీ ఆఫీసర్ తెల్ల యూనిఫాం వేసుకున్నప్పుడు భుజం మీద నల్ల పట్టీ, దాని మీద బంగారు రంగు చారలు ఉంటాయి. పై చారకు చిన్న ఉంగరంలాంటి మెలిక ఉంటుంది. ఒక్క చార ఉంటే సబ్ లెఫ్టినెంట్, కమిషన్ పొందిన కొత్త ఆఫీసర్. రెండు చారలుంటే లెఫ్టినెంట్. రెండు లావు చారల మధ్య ఒక సన్న చార కనిపిస్తే లెఫ్టినెంట్ కమాండర్. జనం దీన్నే రెండున్నర చారలు అంటారు. ఈ అర చారకూ ఒక కథ ఉంది. బ్రిటిష్ నేవీలో ఏళ్ల తరబడి లెఫ్టినెంట్‌గానే ఉండిపోయిన సీనియర్లను వేరుగా చూపించడానికి 1877లో ఈ సన్న చార తెచ్చారు. 1914లో గానీ దానికి లెఫ్టినెంట్ కమాండర్ అనే పేరు రాలేదు. అంటే 37 ఏళ్ల పాటు చార ఉంది, పేరు లేదు. మూడు చారలు కమాండర్, నాలుగు చారలు కెప్టెన్. ఆ పైన ఒకటే వెడల్పాటి పట్టీతో కమోడోర్.

దీన్ని మన కళ్ల ముందు చూపించిన ప్రయాణం ఒకటి ఉంది. 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి ‘తారిణి’ అనే 55 అడుగుల తెరచాప పడవలో ఆరుగురు మహిళా నేవీ ఆఫీసర్లు ప్రపంచాన్ని చుట్టి రావడానికి బయల్దేరారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఫాక్‌లాండ్ దీవులు, దక్షిణాఫ్రికా మీదుగా 254 రోజుల తర్వాత 2018 మే 21న తిరిగొచ్చారు. ఆ ఆరుగురిలో ఇద్దరు మన తెలుగువాళ్లు. హైదరాబాద్ నుంచి లెఫ్టినెంట్ ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖ నుంచి లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతి. ఒకరికి రెండు చారలు, ఒకరికి రెండున్నర. నాయకత్వం వహించిన వర్తికా జోషి కూడా రెండున్నర చారల ఆఫీసరే. ఆరుగురిలో మూడు చారలవారు ఒక్కరూ లేరు. అంటే అంత పెద్ద సముద్రాన్ని దాటించే బాధ్యతను నేవీ ఈ మధ్య మెట్ల మీదివాళ్లకే అప్పజెప్పింది. లెఫ్టినెంట్ చిన్న హోదా అనుకునేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు.

ఆ వయసు కూడా చూడండి. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో ఉగ్రవాదులు చంపినవారిలో లెఫ్టినెంట్ వినయ్ నర్వాల్ ఒకరు. పెళ్లయి వారం కూడా కాలేదు, వయసు 26. ఆయన పుట్టినరోజున భార్య హిమాంశి ముందుకొచ్చి, ముస్లింల మీద, కశ్మీరీల మీద కోపం చూపించొద్దు, మాకు శాంతి, న్యాయం కావాలి అన్నారు. ఆ మాట అన్నందుకు ఆమె సోషల్ మీడియాలో ఎన్ని తిట్లు తిన్నారో అందరం చూశాం. నేవీ లెఫ్టినెంట్ అంటే చాలావరకు ఈ వయసు పిల్లలే, ఇరవైల్లో ఉన్నవాళ్లు.

లెఫ్టినెంట్ రోజూ చేసే పని ఏమిటి? ఓడ నడుస్తున్నప్పుడు బ్రిడ్జ్ మీద వాచ్ ఉంటుంది, సాధారణంగా నాలుగు గంటలు. అర్ధరాత్రి పన్నెండు నుంచి తెల్లవారుజాము నాలుగు వరకు ఎదురుగా వచ్చే ఓడలు, చేపల పడవలు, రాడార్, ఇంజన్ ఆర్డర్లు అన్నీ ఆ వాచ్ ఆఫీసర్ చూసుకోవాలి. కెప్టెన్ కింద క్యాబిన్‌లో నిద్రపోతుంటారు. ఖాయిం మఖామ్ అనే మాట అక్కడ అక్షరాలా నిజం. ఇంకో పని గురించి బయట ఎవరికీ తెలియదు. తన డివిజన్‌లోని సెయిలర్ల మంచిచెడ్డలు లెఫ్టినెంటే చూడాలి. ఎవరి అమ్మకు ఆపరేషన్, ఎవరికి చెల్లెలి పెళ్లికి సెలవు కావాలి, ఎవరు జీతం అంతా అప్పుకు కడుతున్నారు, ఇవన్నీ ఆయన తెలుసుకోవాలి. తనకంటే ఇరవై ఏళ్లు పెద్దవాళ్లు కూడా ఆ డివిజన్‌లో ఉంటారు. ఇరవై ఐదేళ్ల కుర్రాడు వాళ్లతో గౌరవంగా మాట్లాడుతూనే ఆర్డర్ ఇవ్వాలి. నాకైతే రాడార్ చూడటం కంటే ఇదే కష్టమనిపిస్తుంది.

సబ్ లెఫ్టినెంట్‌గా కమిషన్ వచ్చిన రెండేళ్లకు లెఫ్టినెంట్, ఆరేళ్లకు లెఫ్టినెంట్ కమాండర్, పదమూడేళ్లకు కమాండర్. శాఖాపరమైన పరీక్షలు, ఆరోగ్యం, రికార్డు సరిగ్గా ఉంటే ఇవి కాలాన్ని బట్టి వస్తాయి. కెప్టెన్ నుంచి పైకి సెలక్షన్ బోర్డు ఎంచుకోవాలి, అక్కడి నుంచి నిచ్చెన సన్నబడుతుంది. ఇక్కడ ఇంకో తికమక. ‘ఓడ కెప్టెన్’ వేరు, కెప్టెన్ ర్యాంకు వేరు. ఓడ కమాండింగ్ ఆఫీసర్ ఎవరైనా సరే, ఆ ఓడ మీద ఆయన్ను కెప్టెన్ అనే పిలుస్తారు. చిన్న యుద్ధనౌకలకు లెఫ్టినెంట్ కమాండర్ కూడా సారథి కావచ్చు. 2023 చివర్లో ఐఎన్‌ఎస్ త్రింకట్‌కు నియమితులైన ప్రేరణా దేవస్థళీ మన నేవీలో యుద్ధనౌకకు కమాండింగ్ ఆఫీసర్ అయిన తొలి మహిళ, ఆమె అప్పుడు లెఫ్టినెంట్ కమాండరే.

పై హోదాలు ఆర్మీతో పోల్చితే తేలిగ్గా గుర్తుంటాయి. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ గురించి టీవీలో దేశానికి వివరించిన కల్నల్ సోఫియా ఖురేషీ నేవీలో ఉంటే కెప్టెన్ అనిపించుకునేవారు, భుజం మీద నాలుగు చారలు. పక్కన నిలబడ్డ వింగ్ కమాండర్ వ్యోమికా సింగ్ అయితే నేవీ లెక్కలో కమాండర్. కమోడోర్ అంటే ఆర్మీ బ్రిగేడియర్. రియర్ అడ్మిరల్, వైస్ అడ్మిరల్, అడ్మిరల్ వరుసగా మేజర్ జనరల్, లెఫ్టినెంట్ జనరల్, జనరల్‌కు సమానం. విశాఖలోని తూర్పు నౌకాదళ కమాండ్‌కు అధిపతి వైస్ అడ్మిరల్. మన హైదరాబాద్‌లో పుట్టి నిజాం కాలేజీలో చదివిన ఇద్రీస్ హసన్ లతీఫ్ 1978 నుంచి 1981 వరకు ఎయిర్ చీఫ్ మార్షల్‌గా వైమానిక దళాన్ని నడిపారు. నేవీలో ఆ మెట్టు పేరు అడ్మిరల్, దేశం మొత్తానికి నౌకాదళాధిపతి.

ఖతర్ కేసు వార్తలు చదివినప్పుడు కూడా ఈ నిచ్చెన తెలిస్తే విషయం వేరుగా కనిపించేది. 2022 ఆగస్టులో దోహాలో అరెస్టయిన ఎనిమిది మంది మాజీ నేవీ ఉద్యోగుల్లో ముగ్గురు కెప్టెన్లు, నలుగురు కమాండర్లు, ఒకరు సెయిలర్. కమాండర్లలో ఒకరు విశాఖకు చెందిన సుగుణాకర్ పాకాల. కమాండర్ కంటే కెప్టెన్ పెద్ద అని తెలియక, ఆ వార్తలు చదివినప్పుడు కమాండరే నాయకుడనుకున్నవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. 2023 అక్టోబర్ 26న మరణశిక్ష పడింది, డిసెంబర్ 28న అది జైలుశిక్షగా తగ్గింది, 2024 ఫిబ్రవరిలో విడుదలయ్యారు. ఆ ఏడాదిన్నర గల్ఫ్‌లో మనవాళ్లున్న ప్రతి ఇల్లూ ఆ వార్తను వెతుక్కుని చదివింది.

ఆ ఎనిమిదిలో ‘సెయిలర్’ అనే మాట వేరుగా ఉంది కదా, అక్కడే అసలు గీత. నేవీలో నిచ్చెనలు రెండు. ఒకటి ఆఫీసర్లది, సబ్ లెఫ్టినెంట్‌తో మొదలు. రెండోది సెయిలర్లది: సీమన్, లీడింగ్ సీమన్, పెటీ ఆఫీసర్, చీఫ్ పెటీ ఆఫీసర్, మాస్టర్ చీఫ్ పెటీ ఆఫీసర్. పెటీ ఆఫీసర్ పేరులో ఆఫీసర్ ఉన్నా అది సెయిలర్ నిచ్చెనే. కొందరు ప్రతిభ గల సెయిలర్లు పరీక్షలు రాసి ఆఫీసర్లు అవుతారు, సర్వీసు చివర్లో కొందరు మాస్టర్ చీఫ్‌లకు గౌరవ లెఫ్టినెంట్ హోదా ఇస్తారు. కానీ ఎక్కువమంది చేరిన నిచ్చెనలోనే రిటైర్ అవుతారు.

ఈ గీత ఎంత పదునైనదో 1946లో బొంబాయిలో తెలిసింది. ఫిబ్రవరి 18న హెచ్‌ఎంఐఎస్ తల్వార్‌లో రేటింగులు, అంటే అప్పటి సెయిలర్లు, సమ్మెకు దిగారు. చెడిపోయిన తిండి, తెల్ల కమాండింగ్ ఆఫీసర్ నోటి దురుసు, జాతి తిట్లు కారణం. వాళ్లు ఎన్నుకున్న సమ్మె కమిటీకి అధ్యక్షుడు లీడింగ్ సిగ్నల్‌మన్ ఎం.ఎస్. ఖాన్, ఉపాధ్యక్షుడు పెటీ ఆఫీసర్ మదన్ సింగ్. ఓడల మీద కాంగ్రెస్, ముస్లిం లీగ్, కమ్యూనిస్టు జెండాలు పక్కపక్కనే ఎగిరాయి. కింది నిచ్చెనవాళ్లు పై నిచ్చెనను నిలదీసిన రోజులవి.

ఇప్పుడు మన ఇళ్లలో జరిగే పొరపాటుకు వద్దాం. 2022లో వచ్చిన అగ్నివీర్ సెయిలర్ నిచ్చెనకు సంబంధించినది. నాలుగేళ్లు, తర్వాత నాలుగో వంతు మందినే కొనసాగిస్తారు. గౌరవమైన పనే, సందేహం లేదు. కానీ ‘నేవీలో చేరాలంటే అగ్నివీర్ ఒక్కటే దారి’ అనుకుని, ఇంటర్‌లో మంచి మార్కులున్న పిల్లవాడిని కూడా అటే పంపడం, లేదా నాలుగేళ్లే కదా అని నేవీ మాటే వదిలేయడం, రెండూ తెలియక చేసేవే. ఆఫీసర్ దారులు వేరే ఉన్నాయి.

ఇంటర్ చదువుతుండగానే యూపీఎస్సీ పెట్టే ఎన్‌డీఏ పరీక్ష రాయొచ్చు, ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర మధ్య. నేవీకి ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి, ఫీజు వంద రూపాయలు, అమ్మాయిలకు అదీ లేదు. జేఈఈ మెయిన్ రాసిన ఎంపీసీ పిల్లలకు ఇంకో దారి ఉంది. 10+2 బీటెక్ ఎంట్రీ కింద ఆ ర్యాంకుతోనే ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఎంపికైతే కేరళ ఎఝిమలలోని నేవల్ అకాడమీలో నాలుగేళ్ల బీటెక్, ఖర్చంతా నేవీది. మదీనాగూడ, మియాపూర్, చందానగర్ చుట్టుపక్కల ప్రైవేట్ ఇంజనీరింగ్ సీటుకు ఇళ్లు తాకట్టు పెట్టే తల్లిదండ్రులకు ఈ మాట ఎవరైనా చెప్పాలి కదా. బీటెక్ అయిపోయినవాళ్లకు షార్ట్ సర్వీస్ కమిషన్. చాలా శాఖలకు రాతపరీక్ష కూడా లేదు, ఇంజనీరింగ్ మార్కులు చూసి ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఆ ఇంటర్వ్యూ కేంద్రాల్లో విశాఖ ఒకటి. మొదటిసారి వెళ్లేవాళ్లకు రైలు చార్జీ నేవీయే ఇస్తుంది. బైపీసీ తీసుకున్నవాళ్లు నిరాశపడక్కర్లేదు, ఎంబీబీఎస్ తర్వాత నేవీలో చేరే డాక్టర్ హోదా సర్జన్ లెఫ్టినెంట్.

అమ్మాయిల సంగతి. డాక్టర్లు కాకుండా మిగతా శాఖల్లో మహిళా ఆఫీసర్లు 1992 నుంచి ఉన్నారు. కొన్నేళ్ల సర్వీసు తర్వాత ఇంటికి పంపేసే పద్ధతిని లెఫ్టినెంట్ కమాండర్ ఆనీ నాగరాజ, తోటివాళ్లు కోర్టులో ప్రశ్నించారు. 2020 మార్చి 17న సుప్రీంకోర్టు పర్మనెంట్ కమిషన్‌కు దారి తెరిచింది. ఎన్‌డీఏలో 2022లో అడుగుపెట్టిన తొలి అమ్మాయిల బ్యాచ్ 2025 మే 30న శిక్షణ ముగించుకుని బయటికొచ్చింది.

గడ్డం గురించి కూడా అడుగుతారు, అందుకని చెబుతున్నా. నేవీలో మతంతో సంబంధం లేకుండా కమాండింగ్ ఆఫీసర్ అనుమతితో గడ్డం పెంచుకునే సంప్రదాయం ఎప్పటి నుంచో ఉంది, అయితే గడ్డం, మీసం రెండూ ఉండాలి. ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్ నియమాలు వేరు.

ఇంకో హెచ్చరిక. మర్చంట్ నేవీ అనేది ఇండియన్ నేవీ కాదు. అది సరుకు ఓడల కంపెనీల ఉద్యోగం, జీతం బాగానే ఉంటుంది, కానీ అక్కడ లెఫ్టినెంట్ అనే మాటే ఉండదు. థర్డ్ ఆఫీసర్, సెకండ్ ఆఫీసర్, చీఫ్ ఆఫీసర్, పైన మాస్టర్. మా బంధువుల అబ్బాయి ఒకడు ‘నేవీలో సీటు’ అన్న ఏజెంట్‌కు మూడు లక్షలు కట్టి, చేతికి వచ్చిన కాగితం ఏ ఓడకూ పనికిరాదని ముంబై వెళ్లాక తెలుసుకున్నాడు. మర్చంట్ నేవీకి పంపే కంపెనీకి డీజీ షిప్పింగ్ ఇచ్చిన ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్స్ ఉండాలి, ఆ నంబర్ అడగండి, వెబ్‌సైట్‌లో సరిచూడండి. ఇండియన్ నేవీకైతే ఏజెంట్ అనేవాడే లేడు. దరఖాస్తు నేరుగా నేవీ నియామకాల వెబ్‌సైట్‌లో, లేదా యూపీఎస్సీలో. డబ్బు అడిగాడంటే మోసం.

ఖాలా చిన్నబ్బాయి ఎంపీసీ. పుట్టిన తేదీ పట్టుకుని మేము కూర్చుని లెక్క వేశాం, ఎన్‌డీఏ కనీసం రెండుసార్లు రాసే వయసు ఉంది. వాళ్ల అబ్బా మాత్రం ముందు ఎంసెట్ అంటున్నారు. రెండూ రాయమన్నాను. వాడు నా ఫోన్‌లో తారిణి ఫోటో తెరిచి, ఎవరి భుజం మీద రెండు చారలున్నాయో, ఎవరికి రెండున్నర ఉన్నాయో వాళ్ల ఆపాకు చూపిస్తున్నాడు.